కల్లంలో వాన డబ్బా

ఈ సంగతి చెబితే నవ్వని మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. పెళ్లిళ్లలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా మొదటి చాయ్‌తో పాటు దీన్నే వడ్డించాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు కంఠతా వచ్చు. ఇవాళ ఎవరినీ నవ్వించకుండా చెప్పాలని కూర్చున్నాను. నా వల్ల అవుతుందో లేదో తెలియదు. నవ్వించడం నాకు పాత రోగం.

మాది ఆర్మూర్. పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఇల్లు. నాన్న రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. సీజన్లో ఆయన ఇంటికొస్తే అమ్మ గడప బయటే చొక్కా విప్పించి దులిపేది, అయినా మా దుప్పట్లు ఏడాదంతా పసుపు వాసన వేసేవి. నేను చదువు ముగించి, ఎనభైల చివర్లో, అడవుల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. అడవిలో అక్కడక్కడ నాలుగు మూలలా రాళ్లు పాతి గుర్తు పెట్టిన జాగాలుండేవి. వాటిని ప్లాట్లు అనేవాళ్లం. ఏటా వెళ్లి ఆ ప్లాట్లలో ప్రతి టేకు చెట్టుకూ, ప్రతి మద్ది చెట్టుకూ ఛాతీ ఎత్తున టేపు చుట్టి, ఎంత లావెక్కిందో కొలిచి రాసుకోవడం నా పని.

చెట్టు ఎందుకు పెరిగిందో, ఎందుకు ఎండిపోయిందో చెప్పాలంటే దానికి ఎంత వాన దక్కిందో తెలియాలి కదా. అడవిలో వాన కొలిచే సామాను లేదు. అందుకని దగ్గర్లో ఉన్న వాతావరణ కేంద్రం లెక్కలు తెచ్చుకుని, ఇదే ఈ అడవి వాతావరణం అని రాసేసేవాళ్లం. మాకు దగ్గరి కేంద్రం ఆర్మూర్‌ది. చెట్లేమో కమ్మర్‌పల్లి అవతలి గుట్టల్లో ఉన్నాయి, వాటి పేర మేం చూపించే వానేమో మా ఊరి బజారులో పడింది. పక్కింటి పిల్లవాడి ఒళ్లు పట్టి చూసి మన పిల్లవాడికి మందు పోసినట్టు ఉండేది వ్యవహారం. ఎన్నో ఏళ్లు అలాగే నడిచింది, ఎవరూ అడగలేదు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు అడిగాడు. ఎద్దు కొమ్ము ఒకటి తడిసి ఒకటి ఎండే దేశంలో, అంత దూరపు వానను తెచ్చి ఈ చెట్లకు ఎలా అంటగడతారని కోప్పడ్డాడు. ఎక్కడినుంచో ఒక వర్షమాపకం తెప్పించి, ప్లాటుకు వీలైనంత దగ్గరగా పెట్టిరమ్మని నన్ను పంపాడు. చూడటానికి అది గొట్టంలాంటి డబ్బా. పైన గరాటు, లోపల సీసా. సీసాలో చేరిన నీళ్లను వారానికోసారి కొలగ్లాసులో పోసి చూస్తే వాన లెక్క తేలుతుంది. అడవి నడుమ పెడితే గొడ్లు కొమ్ములతో కుమ్ముతాయి, మనుషులు ఇత్తడి గరాటు పీక్కుపోతారు. పైగా నిబంధన ఒకటుంది. డబ్బాకు దగ్గర్లో చెట్టు ఉండొద్దు, గోడ ఉండొద్దు, నలువైపులా ఖాళీగా ఉండాలి.

పసుపు పండే ఊళ్లో అంత ఖాళీ జాగా ఒక్కటే ఉంటుంది, కల్లం. అడవి అంచునున్న ఒక ఊరి చివర నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి పసుపు ఆరబోసుకునే పెద్ద కల్లం కనిపించింది. దాని పక్కనే ఉన్న ఇల్లు ఒక పెద్దమ్మది. నాకు చుట్టమేం కాదు, నేనలా పిలిచాను, ఆమె బిడ్డా అని పలికింది. భర్త లేడు. పెద్దకొడుకు వ్యవసాయం, చిన్నకొడుకు దుబాయిలో, కోడలు బీడీలు చుట్టేది. పెద్దమ్మ మాత్రం పసుపు మనిషి. తవ్వకం మొదలుకొని ఉడకబెట్టడం, ఎండబెట్టడం, బస్తాలతో పాటు బండెక్కి ఆర్మూర్ మార్కెట్‌కు రావడం దాకా అన్నిట్లోనూ తానే.

ఆ కల్లంలో ఆమెకు ఇంకో పని ఉండేది. ఎవరూ ఇచ్చింది కాదు, దానంతటదే వచ్చింది. ఉడికిన పసుపు కల్లంలో పదిరోజుల పైన ఎండాలి. ఆ రోజుల్లో వాన తగిలిందా, రంగు పోయి ధర సగానికి పడిపోతుంది. ఆమె ఇల్లు పక్కనే కాబట్టి, గుట్టల మీద మబ్బు కడితే ముందు ఆమెకే కనిపించేది. అరుగు దిగి, "మొగులైతాంది, ఉరుకుండ్రి" అని ఒక్క కేక పెట్టేది. ఆ కేక వినగానే బీడీల చాటలు పక్కన పెట్టి ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చి, ఎవరి కుప్ప ఎవరిదని చూడకుండా అన్నిటి మీదా తాట్‌పత్రులు, అదే టార్పాలిన్ పట్టలు, కప్పేసేది. ఆమె పిలిస్తే రానివాళ్లు లేరు. ఆ ఊళ్లో ఆమెకున్న గౌరవమంతా ఆ కేకలో ఉంది.

డబ్బా పాతిన రోజు ఆమె అడిగింది.

"గిది ఏం జేస్తది బిడ్డా?"

"వాతావరణం చూస్తది పెద్దమ్మా" అన్నాను నేను గొప్పగా.

ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఈ తర్వాతి మాటను దాటేస్తాను. ఇవాళ దాటను. డబ్బా లోపల సీసా ఉందనీ, అది వాన నీళ్లు పట్టడానికనీ చెప్పడానికి అర నిమిషం పట్టేది. ఈమెకేం అర్థమవుతుందిలే అనుకుని చెప్పలేదు. చెప్పింది ఇది: "ఇది సర్కారు సామాను. దీనికి ఏమన్న అయితే నా నౌకరి పోతది. నీ పసుపును ఎట్ల చూసుకుంటవో దీన్ని గట్లనే చూసుకో."

"నా పసుపు లెక్కనే చూస్త. నువ్వు ఫికర్ జెయ్యకు" అంది.

అప్పటికి చలికాలం. మాఘం దాటి ఎండలు ముదిరాయి. వారం వారం బస్సు దిగి వెళ్లి డబ్బా తీసి చూస్తే సీసా ఎండిపోయి ఉండేది. ఆర్మూర్‌లో నడి ఎండాకాలం రెండు మూడు గట్టి వానలు పడ్డాయి, మార్కెట్ షెడ్డులో బస్తాలు తడిసి నాన్న తల పట్టుకున్నాడు. ఆ వారాల్లో కూడా మా సీసాలో చుక్క లేదు.

"ఇక్కడ వాన పడలేదా పెద్దమ్మా?" అనడిగాను ఒకసారి.

"పడ్డది బిడ్డా. గాని అన్ని కప్పినం, ఏం గాలె" అంది సంతోషంగా.

కల్లంలో పసుపు ఉన్నవాళ్లకు నాలుగు చినుకులు రాలినా పెద్ద వానే అనుకున్నాను. మనిషి మాట కంటే సీసా మాట నమ్మాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. చదువుకున్నవాణ్ణి కదా, ఒక సిద్ధాంతం కూడా తయారు చేశాను. ఈ ప్లాటు గుట్టకు అవతలి పక్కన ఉన్నందున ఎండాకాలపు మబ్బులు ఇక్కడిదాకా రావనీ, ఇక్కడి చెట్లు వేసవి వాన ఎరగవనీ, ఆర్మూర్ లెక్కలు వీటికి పనికిరావనీ రాశాను. ఆఫీసరు రెండుసార్లు చదివి భుజం తట్టాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

మృగశిర వచ్చింది. ఆ రోజు నేను బస్సులో ఉండగానే ఆకాశం విరుచుకుపడింది. దిగి, తడుస్తూ కల్లం వైపు పరుగెత్తాను. ఈసారైనా గుట్ట దాటి మబ్బు వచ్చిందని నా ఆనందం. అప్పటికి పసుపంతా అమ్ముడుపోయి కల్లం బోసిగా ఉంది. ఉన్నది నా డబ్బా ఒక్కటే. పెద్దమ్మ కొంగు నెత్తిన వేసుకుని ఇంట్లోంచి ఉరికొచ్చింది. చేతిలో యూరియా సంచి. కడిగి, కత్తిరించి, అంచుకు నాడా పెట్టి, డబ్బాకు సరిగ్గా సరిపోయేలా కుట్టిన టోపీ అది. దాన్ని డబ్బా నెత్తికి తొడిగి నాడా బిగిస్తూ నన్ను చూసింది.

"జర ఆగు బిడ్డా, ముడి పడ్తలేదు" అంది. ముడి పడ్డాక, "ఇగ తడువది" అంది.

నేను బురదలో కూలబడి నవ్వాను. నా గుట్ట, నా మబ్బులు, నా సిద్ధాంతం అన్నీ ఆ సంచి కింద ఉన్నాయని తెలిసి కడుపు పట్టుకుని నవ్వాను. ఆమెకేం అర్థం కాలేదు, అయినా నన్ను చూసి తనూ నవ్వింది. డబ్బా దేనికో అప్పుడు చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో బిడ్డా, నీ నౌకరికి ఏం గాదు గద?"

ఆమె నోట ముందుగా వచ్చిన మాట అది. బురదలో నవ్విన ఆ నవ్వుకు నేనేం సిగ్గుపడను. సిగ్గంతా తర్వాతి నవ్వులకు.

మర్నాడు ఆఫీసులో, ఎండాకాలం సీసా లెక్కలన్నీ తప్పని చెప్పగానే ఆఫీసరు నా కాగితం ముందేసుకుని, మరి ఆ గుట్ట సంగతేంటని మొదలుపెట్టాడు. చాయ్ గ్లాసు ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద నా రుమాలు కప్పి, పెద్దమ్మ గొంతుతో "జర ఆగు బిడ్డా, ముడి పడ్తలేదు" అన్నాను. ఆయన పడి పడి నవ్వాడు. గుమాస్తాలు వచ్చారు, వాళ్లకు మళ్లీ చేసి చూపించాను. ఆ నవ్వుల్లో నా సిద్ధాంతం గురించి ఎవరూ అడగలేదు. ఎండిన సీసాను వారాల తరబడి నమ్మిందెవరని గానీ, ఆమెకు ఏం చెప్పి అప్పజెప్పావని గానీ అడగలేదు. నవ్వు నాలుగు విధాల చేటంటారు. ఆ రోజు నన్ను గట్టెక్కించింది నవ్వే. చేటు జరిగింది వేరే చోట.

అది ఆఫీసులోనే ఆగితే సరిపోయేది. సాయంత్రం నాన్న దుకాణానికి పోయి చెప్పాను. అక్కడ అడ్తిదారు, హమాలీలు, మోర్తాడ్ నుంచి వచ్చిన రైతులు ఉన్నారు. నేను డబ్బాగా నిలబెట్టింది ఈసారి పసుపు తూచే రాయిని. మా మార్కెట్లో ధరకన్నా వేగంగా పోయేది ఎగతాళి. కొన్నాళ్లకు అది దొంకేశ్వర్ వైపు నుంచి నాకే తిరిగొచ్చింది. అందులో ఆమె బావి మీద తాట్‌పత్రి కప్పింది. మోర్తాడ్‌లో బీడీలు చుట్టేవాళ్లు చెప్పుకునేదాంట్లో ఆమె వరిచేనుకు గొడుగు పట్టింది. మూత పెద్దమ్మ అని పేరు కూడా పెట్టేశారు. అబద్ధమెందుకు, ఆ పేరు విన్న రోజు నాకు గర్వమే కలిగింది. నా పిల్ల ఫస్టు క్లాసులో పాసైనట్టు అనిపించింది.

దుబాయిలో వాళ్ల చిన్నకొడుకు ఉండే గదిలో కూడా ఎవరో ఈ కథ చెప్పారట. అది తన తల్లి అని తెలియక అతనూ నవ్వాడట. సెలవు మీద వచ్చినప్పుడు తెలిసి, "గా డబ్బా నీకెందుకమ్మా, ఎత్తుకపొమ్మను" అని తల్లి మీద అరిచాడట. ఇది నాకు అతని అన్న చెప్పాడు, నవ్వుతూనే. డబ్బాను తీయమని మాత్రం ఆమె నాతో ఎన్నడూ అనలేదు. మృగశిర తర్వాత దాన్ని ముట్టుకోనూ లేదు. ఆ ఏడు వానాకాలమంతా మా లెక్కలు లక్షణంగా వచ్చాయి.

మళ్లీ పసుపు ఉడికే రోజులొచ్చాయి. ముందుగా ఎండిన పసుపు తీసుకుని ఆమె ఆర్మూర్ వచ్చింది. నాన్నకు సద్ది ఇవ్వడానికి నేను షెడ్డులోకి పోయేసరికి ఆమె కుప్ప దగ్గర ఖరీదుదారులు గుమిగూడి ఉన్నారు. ఒకడు గుప్పెడు కొమ్ములు తీసి విరిచి చూసి, "ఏం పెద్దమ్మా, దీనికి మూత వెట్టినవా, మరిచినవా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. అప్పుడే ఆమె తలెత్తి నన్ను చూసింది. నాకు చూపు తిప్పుకునే సమయం ఉంది, వాణ్ణి ఒక మాట అనే సమయమూ ఉంది. నేను నవ్వాను. పళ్లు కనిపించేలా కాదు, ఏదో మర్యాదకు నవ్వినట్టు, పెదాలతో. అది ఇంకా నీచం.

పసుపు అమ్ముడుపోయాక బండి దగ్గర కలిశాను. చాయ్ తాగుదాం రమ్మన్నాను.

"వద్దు, పోయొస్త సారూ" అంది.

ఏడాదికి పైగా బిడ్డా అన్న మనిషి. ఆ సారు నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. అయినా ఏమైందని అడగలేదు. ఏమైందో నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

అది జరిగిన కొన్నాళ్లకే, ఒక మధ్యాహ్నం ఆర్మూర్‌లో గాలిదుమారం లేచింది. దాని వెనకే వాన, వడగళ్లు. ఇంటి రేకుల మీద ఆ మోత వింటూ నేను అనుకున్నది ఒక్కటే. ఇప్పుడు తేలుతుంది, ఎండాకాలపు వాన గుట్ట దాటుతుందో లేదో. కల్లంలో ఇంకా పసుపు ఉంటుందన్న సంగతి నాకు తట్టనే లేదు. పసుపు బజారులో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు సీసా గుర్తొచ్చింది గానీ పసుపు గుర్తు రాలేదు.

తెల్లవారి మొదటి బస్సుకు పోయాను. కల్లం దగ్గరికి రాకముందే వాసన చెప్పింది. కుప్పలన్నీ తడిసి, మురికి నీళ్లలో నాని ఉన్నాయి. ఆడవాళ్లు వంగి చేటలతో ఎత్తి పొడి నేల మీద పరుచుకుంటున్నారు. వాటి మధ్య ఒక్క కుప్ప మీద మాత్రం తాట్‌పత్రి ఉంది, నాలుగు మూలలా రాళ్లు పెట్టి పదిలంగా ఉంది. పెద్దమ్మ దాని పక్కన నేల మీద కూర్చుని ఉంది.

నన్ను చూసి, "ఈసారి కప్పలే సారూ. సూస్కో" అంది డబ్బా వైపు చెయ్యి చూపించి.

పక్క కుప్ప దగ్గరున్న ఆడమనిషి వంగినది వంగినట్టే అంది. "తనది కప్పుకున్నది సారు. మమ్ముల మాత్రం పిలవలే. ఎప్పుడు మొత్తుకునేది, నిన్న నోరు పడిపోయింది."

"పిలిచిన" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు. "ఒక్కసారి పిలిచిన. మూత పెద్దమ్మ మొదలువెట్టింది అని నవ్విండ్రు. మల్ల పిలవలే."

ఎవరూ కాదనలేదు. కాదనకపోయినా ఎవరి మొహంలోనూ జాలి కూడా లేదు. నవ్వినందుకు శిక్ష తమకు పడింది, పిలవడం ఆపినందుకు ఆమెకేం పడలేదని వాళ్ల కోపం. రెండోసారి పిలిచి ఉండొచ్చు కదా అని నాకూ అనిపించింది. ఆమెకు కూడా అనిపించే ఉంటుంది, రాత్రంతా అదే అనుకుని ఉంటుంది.

నేను డబ్బా తెరిచాను. సీసా నిండుగా ఉంది. కొలగ్లాసులో పోసి, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూశాను. లెక్క స్పష్టంగా వచ్చింది. గుట్ట ఏ మబ్బునూ ఆపలేదు. చుట్టూ తడిసిన పసుపు మధ్య నిలబడి ఆ అంకె రాసుకున్నాను.

అప్పటికి ఎండ బాగా ఎక్కింది. ఆమె కుప్ప ఇంకా తాట్‌పత్రి కిందే ఉంది. ఉడికిన పసుపు ఎండపూట అలా మూసి ఉంచితే లోపల చెమటపట్టి బూజు పడుతుందని మా గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"తాట్‌పత్రి తియ్యి పెద్దమ్మా, పసుపు ఖరాబైతది" అన్నాను.

"ఎట్ల తియ్యాలె సారూ" అంది మెల్లగా. "అందరియి నానినయి. నేనొక్కదాన్ని పొడి పసుపు ఎట్ల సూపియ్యాలె."

అని నా వైపు చూసింది. చేటల చప్పుడు ఆగింది, తక్కిన ఆడవాళ్లు కూడా చూశారు. ఆ పేరు ఆమెకు పెట్టించింది నేను, కథ కట్టింది నేను, మీరు నవ్వింది నా మాటలకే, ఆమె కేకలో ఏ తప్పూ లేదు అని చెప్పాల్సిన చోటు అదే. చెప్పాల్సిన మనుషులు కూడా వాళ్లే. ఆర్మూర్ నుంచి దుబాయి దాకా పాకేలా చెప్పినవాణ్ణి, ఆ నలుగురు ఆడవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పలేనా.

బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.